పాత కారు ఇంజను ఏల మందగించును?

"బండికి పికప్ తగ్గినది" అను మాట మోటారు షెడ్లలో తరచుగా వినబడును. ఇంజను స్టార్టగును, ఆగకుండ తిరుగును, చప్పుడులో పెద్ద తేడా కనిపించదు. కాని యాక్సిలరేటరు ఎంత త్రొక్కినను వేగము పుంజుకొనదు. ఇదివరలో మూడవ గేరులో ఎక్కిన మెరకకు ఇప్పుడు రెండవ గేరు వేయవలసి వచ్చును. పెట్రోలు ఖర్చు మాత్రము పెరుగును. పాత కార్లలో ఈ మార్పు సాధారణముగా ఒక్క రోజులో రాదు. నెలల తరబడి కొద్దికొద్దిగా వచ్చును. కావున బండి నడుపువారు దానికి అలవాటుపడి, చాలా ఆలస్యముగా గుర్తింతురు.

ఇట్టి బండిని చూచి ఒకరు కార్బ్యురేటరు మార్చవలెనందురు; మరియొకరు ఇంజను బోరు చేయించవలెనందురు. బోరు చేయించుట అనగా ఇంజనును విప్పి, సిలిండర్ల లోపలి గోడలను చెక్కించి, క్రొత్త పిస్టన్లు, రింగులు వేయించుట. ఇది వేలాది రూపాయల పని. అంత ఖర్చు పెట్టిన పిమ్మట కూడ బండి మునుపటివలెనే ఈడ్చుచున్నచో, అసలు లోపము వేరొకచోట నున్నదని అర్థము. చిల్లు పడిన రబ్బరు గొట్టము, అరిగిన పాయింట్లు, బిగిసిపోయిన బ్రేకు - వీనిలో ఏ ఒక్కటైనను ఇదే ఫలితమును కలిగింపగలదు.

మందగించుట అనునది ఒక లోపము పేరు కాదు. అనేక లోపములకు ఉమ్మడిగా నున్న లక్షణము. అందులో ఏ లోపము ఉన్నదో తెలిసికొనుటకు ఊహ చాలదు, కొలత కావలెను. ఆ కొలతలను అర్థము చేసికొనుటకు ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతిక, రసాయన శాస్త్రములు చాలును.

ఇంజనుకు కావలసినవి

జర్మనీ దేశస్థుడు నికొలాస్ ఓటో 1876లో విజయవంతముగా నడిపిన నాలుగు స్ట్రోకుల ఇంజను సూత్రమే నేటికిని పెట్రోలు కార్లన్నిటికి ఆధారము. మొదటి స్ట్రోకులో పిస్టను క్రిందికి దిగి, గాలి, పెట్రోలు ఆవిరి కలిసిన మిశ్రమమును పీల్చును. రెండవ స్ట్రోకులో పైకి వచ్చి దానిని నొక్కును. అప్పుడు స్పార్కు ప్లగ్గు నుండి వెలువడిన నిప్పురవ్వ మిశ్రమమును మండించును. మూడవ స్ట్రోకులో వేడి వాయువులు పిస్టనును క్రిందికి తోయును. నాలుగవ స్ట్రోకులో మండిన వాయువులు సైలెన్సరు గుండా వెలుపలికి పోవును.

మన దేశపు పాత కార్లలో అంబాసిడరు కారును ఉదాహరణముగా తీసికొనవచ్చును. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్ఫర్డు కారు నమూనాపై హిందుస్థాన్ మోటార్సు వారు బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివరి నుండి 2014 వరకు దీనిని తయారుచేసిరి. చాలా సంవత్సరములు ఇందులో అమర్చిన పెట్రోలు ఇంజనుకు నాలుగు సిలిండర్లు. ఒక్కొక్క సిలిండరు వ్యాసము సుమారు 73 మిల్లీమీటర్లు, పిస్టను నడక 88.9 మిల్లీమీటర్లు. స్తూపము ఘనపరిమాణము కనుగొను సూత్రముతో గుణించినచో నాలుగు సిలిండర్లకు కలిపి సుమారు 1489 ఘన సెంటీమీటర్లు వచ్చును. ఇంజను రెండు చుట్లు తిరిగినపుడు ఇంత మిశ్రమమును పీల్చవలెను. నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు, యాక్సిలరేటరు పూర్తిగా త్రొక్కియుండగా, లెక్క ప్రకారము నిమిషమునకు 2,200 లీటర్లకు పైగా గాలి లోనికి పోవలెను.

దీనినుండి ఇంజనుకు కావలసిన వానిని క్రమముగా చెప్పవచ్చును: లోనికి వచ్చు గాలికిని వెలుపలికి పోవు పొగకును అడ్డులేని దారి, కారిపోకుండ నిలుచు సంపీడనము, సరియైన క్షణమున బలమైన నిప్పురవ్వ, తగిన పాళ్లలో పెట్రోలు. ఈ నాలుగును సరిగా నున్న ఇంజను మందగింపదు. కాని వీనికంటె ముందు విచారింపవలసిన ప్రశ్న మరియొకటి కలదు.

లోపము ఇంజనులోనిదేనా?

ఇంజను చేయు పని అంతయు చక్రములకు చేరుచున్నదా అనునది మొదటి ప్రశ్న. బ్రేకు డ్రమ్ములో చెప్పులు విడువక పట్టుకొన్నచో ఇంజను తన శక్తిలో కొంత బ్రేకును వేడిచేయుటకే వ్యయము చేయును. కొంతదూరము నడిపి ఆపిన పిమ్మట నాలుగు చక్రముల యొద్ద చేయి దగ్గరగా నుంచి చూచినచో, మిగిలినవానికంటె ఎక్కువ వేడిగా నున్న చక్రము తెలియును. ఆ చక్రమును జాకీతో పైకెత్తి చేతితో త్రిప్పినపుడు తేలికగా తిరుగనిచో లోపము అక్కడ దొరికినట్లే. టైర్లలో గాలి తగ్గినను బండి ఈడ్చినట్లు నడచును.

రెండవది క్లచ్చి. టాపు గేరులో నెమ్మదిగా పోవుచు యాక్సిలరేటరు ఒక్కసారి త్రొక్కినపుడు ఇంజను మ్రోత పెరిగి బండి వేగము పెరగనిచో క్లచ్చి జారుచున్నదని తెలిసికొనవలెను. ఇంజను బాగుగనే ఉన్నది; దాని శక్తి చక్రములకు అందుటలేదు.

మూడవది ప్రకృతి. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనగును. సముద్రపుటొడ్డున ఉన్న విశాఖపట్నముకంటె సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో వాయుపీడనము సుమారు 6 శాతము తక్కువ. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయలో ఇది 10 శాతము వరకు తక్కువగా నుండును. ఇంజను శక్తి కూడ దాదాపు అదే పాలున తగ్గును. ఎండ కూడ ఇట్లే చేయును. చార్లెస్ నియమము ప్రకారము 15 డిగ్రీల గాలికంటె 45 డిగ్రీల గాలి సుమారు 9 శాతము పలుచన. కావున మే నెల మధ్యాహ్నము ఘాటు రోడ్డుపై బండి కొంత మందగించుట లోపము కాదు. చల్లని ఉదయమున, చదునైన రోడ్డుపై కూడ అట్లే ఉన్నచో లోపమును వెదకవలెను.

దారికి అడ్డులు

పరీక్షలన్నిటిలో సులభమైనది, చాలామంది మరచునది థ్రాటిలు పరీక్ష. ఇంజను ఆపియుండగా ఒకరు యాక్సిలరేటరు పెడలును అడుగంట త్రొక్కవలెను. మరియొకరు ఎయిర్ ఫిల్టరు తీసి కార్బ్యురేటరు లోని థ్రాటిలు రేకు పూర్తిగా తెరచుకొనుచున్నదా అని చూడవలెను. కడ్డీల కీళ్లు అరిగినను, కేబులు సాగినను, పెడలు క్రింద మందపు చాప దూరినను రేకు సగమే తెరచుకొనవచ్చును. అప్పుడు ఇంజనులో ఏ లోపము లేకున్నను దానికి గాలి అందదు. అట్లే చల్లని ఇంజను స్టార్టు చేయుటకు వాడు చోకు రేకు పూర్తిగా తెరచుకొనక నిలిచినను గాలికి అడ్డగును.

తరువాత ఎయిర్ ఫిల్టరు. ఒక లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. అది పూర్తిగా మండుటకు దాదాపు 11 కిలోగ్రాముల గాలి కావలెను. గాలి బరువు లీటరునకు సుమారు 1.2 గ్రాములు గనుక, లీటరు పెట్రోలునకు 9,000 లీటర్ల గాలి కావలెనన్నమాట. మట్టి రోడ్లపై తిరుగు బండిలో ఇంత గాలి తెచ్చు దుమ్మంతయు ఫిల్టరులోనే పేరుకొనును.

వెలుపలికి పోవు దారి కూడ ముఖ్యమే. సైలెన్సరు లోపలి రేకులు త్రుప్పుపట్టి విరిగి అడ్డుపడినచో మండిన పొగ పూర్తిగా వెలుపలికి పోదు. సిలిండరులో పాత పొగ మిగిలినంతమేర క్రొత్త మిశ్రమమునకు చోటుండదు. ఇట్టి బండి నెమ్మదిగా పోవునపుడు బాగుగనే యుండి, వేగము పెంచబోయినపుడు గొంతు నొక్కినట్లగును.

కంప్రెషను పరీక్ష

ఇంజను బోరు చేయింపవలెనా, అక్కరలేదా అని నిర్ణయించునది ఈ పరీక్షయే. దీనికి ప్లగ్గు రంధ్రములో బిగించు పీడనమాపకము ఒకటి చాలును. ఇంజనును బాగుగా వేడెక్కించి ఆపి, నాలుగు ప్లగ్గులను తీసివేయవలెను. నిప్పురవ్వ రాకుండ ఇగ్నిషను కాయిలు తీగను విడదీయవలెను. మాపకమును ఒక సిలిండరునకు బిగించి, థ్రాటిలు పూర్తిగా తెరచియుంచి, స్టార్టరుతో ఇంజనును కొన్ని చుట్లు త్రిప్పి, ముల్లు ఎంతవరకు పోయినదో వ్రాసికొనవలెను. నాలుగు సిలిండర్లకు ఇట్లే చేయవలెను.

ఇక్కడ విద్యార్థులకు ఒక సందేహము కలుగవచ్చును. పిస్టను గాలిని ఏడవ వంతుకు నొక్కినచో బాయిల్ నియమము ప్రకారము పీడనము ఏడు రెట్లు కావలెను గదా? ఆ నియమము ఉష్ణోగ్రత మారనపుడే వర్తించును. వేగముగా నొక్కినపుడు గాలి వేడెక్కును. సైకిలు పంపు అడుగు వేడెక్కుట ఇందువలననే. వేడి ఏమాత్రము వెలుపలికి పోకున్నచో పీడనము సుమారు 15 రెట్లగును. నిజమైన ఇంజనులో కొంత వేడి గోడలకు పోవును, కొంత గాలి రింగుల సందుల నుండి కారును. కావున కొలత ఈ రెంటికి నడుమ నుండును. ఆనాటి కార్లలో చదరపు సెంటీమీటరునకు 8 నుండి 11 కిలోగ్రాములు సాధారణమైన కొలత. ఖచ్చితమైన అంకె ఆ కారు తయారీదారుల పుస్తకములో నుండును.

అంకెకంటె అంకెల మధ్య తేడా ఎక్కువ విషయము చెప్పును. అన్నిటికంటె తక్కువ కొలత, అన్నిటికంటె ఎక్కువ కొలతలో మూడు వంతుల పాతికకు, అనగా 75 శాతమునకు తగ్గరాదు. వరుసగా 10, 10, 6, 10 వచ్చెననుకొన్నచో మూడవ సిలిండరులో కారుదల ఉన్నది. అప్పుడు ఆ ప్లగ్గు రంధ్రములో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. ఆయిలు పిస్టను చుట్టును చేరి రింగుల సందును తాత్కాలికముగా మూయును. కావున కొలత 9కి పెరిగినచో కారుదల రింగుల యొద్ద ఉన్నది. పెరగనిచో కారుదల పైన ఉన్న కవాటముల యొద్ద, అనగా వాల్వుల యొద్ద ఉన్నది. అప్పుడు హెడ్డు మాత్రము విప్పి వాల్వులు బాగుచేసిన చాలును. వరుసగా 10, 6, 6, 10 వచ్చినచో ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్ల నడుమ హెడ్డు గాస్కెట్టు కాలిపోయి యుండవచ్చును. ఒక్క చెంచాడు ఆయిలు ఈ విధముగా పెద్ద ఖర్చును తప్పింపగలదు.

వాల్వులను గూర్చి మరియొక సంగతి కలదు. పాత ఇంజన్లు సీసము కలిసిన పెట్రోలు కాలమున తయారైనవి. ఆ సీసపు సమ్మేళనములు వాల్వులు కూర్చుండు చోటున సన్నని పూతగా ఏర్పడి అరుగుదలను తగ్గించెడివి. సీసము విషము గనుక 2000 సంవత్సరములో మన దేశమంతట దానిని పెట్రోలునుండి తొలగించిరి. ఇది ప్రజారోగ్యమునకు గొప్ప మేలు. కాని మెత్తని పోత ఇనుప గద్దెలు గల పాత ఇంజన్లలో పొగ వాల్వు క్రమముగా గద్దెలోనికి దిగబడును. దిగబడినకొలది టాపెట్టు సందు తగ్గి, చివరకు వాల్వు పూర్తిగా మూసికొనక కాలిపోవును. కావున ఇట్టి కార్లలో టాపెట్ల సందును తరచుగా కొలుచుట మంచిది.

నిప్పురవ్వ, దాని సమయము

పాత కారులో నిప్పురవ్వను కలిగించునది 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణమే. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు మూసికొనియున్నపుడు కాయిలులో విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రము ఏర్పడును. పాయింట్లు విడిపోయిన క్షణమున ఆ క్షేత్రము కుప్పకూలి, రెండవ చుట్టలో వేల వోల్టులు పుట్టించును. ఆ వోల్టేజి ప్లగ్గు సందును దాటి నిప్పురవ్వ యగును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 100 నిప్పురవ్వలు కావలెను. అనగా పాయింట్లు సెకనుకు 100 మారులు తెరచి మూయవలెను.

ఇంత పని చేయు పాయింట్లు అరుగుట సహజము. పాయింట్లను తెరచునది డిస్ట్రిబ్యూటరు ఇరుసుపై రాచుకొను చిన్న మడమ. ఆ మడమ అరిగినకొలది పాయింట్ల సందు తగ్గును, సందు తగ్గినకొలది పాయింట్లు ఆలస్యముగా తెరచుకొనును, నిప్పురవ్వ ఆలస్యమగును. నెలల తరబడి తెలియకుండ బండి మందగించుటకు ఇది ఒక ముఖ్య కారణము.

ఆలస్యము ఎంత అయినచో హాని కలుగునో లెక్కింపవచ్చును. మిశ్రమము నిప్పంటుకొని పూర్తిగా మండుటకు సెకనులో వెయ్యవ వంతులు రెండు పట్టుననుకొన్నచో, 3000 చుట్ల వేగములో ఆ లోపల ఇంజను 36 డిగ్రీలు తిరిగిపోవును. కావుననే పిస్టను పై అంచుకు చేరక మునుపే నిప్పురవ్వ రావలెను. ఆలస్యముగా వచ్చినచో, మంట బలము పుంజుకొనునప్పటికి పిస్టను క్రిందికి దిగిపోవుచుండును. అప్పుడు ఆ వేడి పిస్టనును త్రోయక పొగతోపాటు వెలుపలికి పోవును. బండి మందగించును, ఇంజను వేడెక్కును, పొగ వాల్వులు కాలును. అనగా చిన్న లోపమును సరిచేయనిచో అదే పెద్ద లోపమునకు దారితీయును.

వేగము పెరిగినకొలది నిప్పురవ్వను ఇంకను ముందుకు జరుపుటకు డిస్ట్రిబ్యూటరులో స్ప్రింగులతో కట్టిన రెండు బరువులుండును. తిరుగు వేగమునకు అవి వెలుపలికి జరిగి సమయమును మార్చును. త్రుప్పుపట్టి అవి కదలనిచో బండి మెల్లగా పోవునపుడు బాగుగనే ఉండి, ఆ పైన వేగము ఎక్కదు. టైమింగు దీపమును కప్పీ మీది గుర్తుపై ప్రసరింపజేసి ఇంజను వేగము పెంచినపుడు ఆ గుర్తు క్రమముగా జరుగవలెను. జరుగనిచో బరువులు పనిచేయుటలేదు. థ్రాటిలు కొద్దిగా తెరచి నడుపునపుడు మిశ్రమము పలుచనగా నుండి నెమ్మదిగా మండును. అప్పుడు సమయమును ముందుకు జరుపుటకు చాలా కార్లలో రబ్బరు పొర గల వాక్యూమ్ డబ్బా ఒకటి ఉండును. దాని గొట్టమును విడదీసి పీల్చి చూచినచో డిస్ట్రిబ్యూటరు లోపలి పళ్లెము కదలవలెను, పీల్పు నిలువవలెను. నిలువనిచో పొర చిరిగినదని అర్థము.

పెట్రోలు పాళ్లు

పెట్రోలు అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. అందులో ఒకటైన ఆక్టేనును తీసికొన్నచో, రెండు అణువుల ఆక్టేను మండుటకు 25 అణువుల ఆక్సిజను కావలెను. బరువులలో చెప్పినచో 228 గ్రాముల ఆక్టేనునకు 800 గ్రాముల ఆక్సిజను. గాలి బరువులో ఆక్సిజను సుమారు 23 శాతమే గనుక, ఒక పాలు ఆక్టేనునకు సుమారు 15 పాళ్ల గాలి కావలసి వచ్చును. సాధారణ పెట్రోలునకు ఈ అంకె 14.7. గరిష్ఠ శక్తి కావలసినపుడు 12.5 నుండి 13 పాళ్ల గాలి, అనగా కొంచెము చిక్కని మిశ్రమము ఇయ్యవలెను.

ఈ పాళ్లను కుదుర్చునది కార్బ్యురేటరు. సన్నని గొంతు గుండా గాలి వేగముగా పోవునపుడు అక్కడ పీడనము తగ్గునని 1738లో డేనియల్ బెర్నౌలీ ప్రకటించిన సూత్రము చెప్పును. ఆ తగ్గిన పీడనమే గిన్నెలోని పెట్రోలును సన్నని జెట్టు గుండా పైకి లాగును. జెట్టులో జిగురు పేరుకొన్నను, పంపు సరిగా పనిచేయకున్నను, పెట్రోలు ఫిల్టరు మూసికొన్నను మిశ్రమము పలుచనై శక్తి తగ్గును. చదునున బాగుగా పోయి, మెరకపై ఒక నిమిషము లాగిన పిమ్మట నీరసించు బండిలో గిన్నె ఖాళీ యగుచున్నదని అనుమానింపవలెను. అప్పుడు ట్యాంకు మూత తీసి చూచుట సులభమైన పరీక్ష. మూతలోని గాలి రంధ్రము పూడినచో ట్యాంకులో శూన్యము ఏర్పడి పెట్రోలు కదలదు. మూత తీయగానే బుస్సుమను చప్పుడు వచ్చి బండి కోలుకొనును.

ఇటీవలి కాలములో మరియొక కారణము చేరినది. 2023 నుండి మన దేశములో 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకము ప్రారంభమై, 2025 నాటికి విస్తారముగా వ్యాపించినది. ఇథనాలు అణువులో ఆక్సిజను ముందే ఉన్నది. కావున ఈ ఇంధనమునకు 14.7కు బదులు సుమారు 13.5 పాళ్ల గాలియే చాలును. పాత కార్బ్యురేటరు జెట్టుకు ఈ సంగతి తెలియదు. అది మునుపటి కొలతనే ఇచ్చుచుండును. ఫలితముగా మిశ్రమము కొంత పలుచనగును. లీటరులోని ఉష్ణశక్తి కూడ 6, 7 శాతము తక్కువ. పాత రబ్బరు గొట్టములు, పంపు పొరలు ఇథనాలులో ఉబ్బి చెడిపోవచ్చును. కావున పాత కార్లలో వీనిని పరీక్షించి, ఇథనాలుకు తట్టుకొను రకముతో మార్చుట అవసరము.

ప్లగ్గులను తీసి చూచినచో మిశ్రమమును గూర్చి కొంత తెలియును. లేత గోధుమ రంగు మంచిది. పొడి నల్లని మసి పెట్రోలు ఎక్కువగుటను, తెల్లదనము మిశ్రమము పలుచనగుటను లేక వేడి మితిమీరుటను, జిడ్డు తడి ఆయిలు లోనికి వచ్చుటను సూచించును. సైలెన్సరు పొగ కూడ ఇట్లే: నల్లని పొగ పెట్రోలునకు, నీలిపొగ ఆయిలునకు గుర్తు.

ఒక ముల్లు, అనేక సంగతులు

థ్రాటిలునకును సిలిండర్లకును నడుమ ఉన్న గొట్టములో, ఇంజను నిదానముగా తిరుగునపుడు పాక్షిక శూన్యము ఏర్పడును. దీనిని కొలుచు వాక్యూమ్ గేజి చవకయైన సాధనము. బాగుగా నున్న ఇంజనులో సముద్రమట్టమున ముల్లు 17 నుండి 21 అంగుళముల పాదరసము వద్ద కదలక నిలుచును. హైదరాబాదులో సుమారు రెండంగుళములు తక్కువగా చూపుట సహజము.

ముల్లు నిలుకడగా నుండి, కాని రెండు మూడు అంగుళములు తక్కువగా చూపినచో నిప్పురవ్వ ఆలస్యమగుచున్నదని మొదట అనుమానింపవలెను. ముల్లు క్రమమైన తాళముతో ఒక్కొక్కమారు పడి లేచుచున్నచో ఒక సిలిండరులో వాల్వు సరిగా మూసికొనుటలేదు. మిక్కిలి తక్కువగా చూపినచో గాస్కెట్టు సందుననో, చిరిగిన గొట్టము గుండానో గాలి దొంగతనముగా లోనికి వచ్చుచున్నది. ఇంజను వేగమును పెంచి కొంతసేపు అట్లే ఉంచినపుడు ముల్లు క్రమముగా దిగజారినచో సైలెన్సరు పూడుకొనుచున్నది.

వెదకు క్రమము

ఈ పరీక్షలను ఏ వరుసలోనైనను చేయవచ్చునని తోచవచ్చును. కాని వరుస ముఖ్యము. మొదట బ్రేకులు, క్లచ్చి, పిమ్మట థ్రాటిలు, ఫిల్టరు, ఆ పిమ్మట వాక్యూమ్ గేజి, కంప్రెషను, టాపెట్లు, తరువాత పాయింట్లు, ప్లగ్గులు, టైమింగు, చివరకు కార్బ్యురేటరు. కార్బ్యురేటరును చివర ఉంచుటకు కారణమున్నది. కారుచున్న వాల్వును గాని ఆలస్యమైన నిప్పురవ్వను గాని కార్బ్యురేటరు మరలతో కప్పిపుచ్చవచ్చును, కాని బాగుచేయలేము. ఇంతేగాక, ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితము చూడవలెను. నాలుగు భాగములు ఒక్కసారి మార్చినచో బండి బాగుపడినను కారణము తెలియదు, చెడినను తెలియదు.

ఒక ఉదాహరణము చాలును. ఒక కారు మందగించినది. బోరు చేయింపవలెనని సలహా వచ్చినది అనుకొన్నచో, తీరప్రాంతమున వాక్యూమ్ గేజి నిలుకడగా 15 అంగుళములు చూపినది. కంప్రెషను 10, 10, 9.5, 10. ఈ అంకెలు చూడగనే సిలిండర్లు, రింగులు, వాల్వులు బాగున్నవని తేలినది, బోరు అక్కరలేదు. నిలుకడగా తక్కువ చూపుట టైమింగు వైపు వ్రేలు చూపినది. పాయింట్ల సందు 0.4 మిల్లీమీటరు ఉండవలసినచోట 0.2 మాత్రమే ఉన్నది. పాయింట్లు మార్చి, టైమింగు సరిచేసినంతనే ముల్లు 19కి పెరిగినది. వేల రూపాయల పనికి బదులు ఒక గంట పని సరిపోయినది.

పరీక్షలు చేయువారికి జాగ్రత్తలు కూడ తెలియవలెను. మూసిన గదిలో ఇంజను నడుపరాదు. రంగు, వాసన లేని కార్బను మోనాక్సైడు ప్రాణాంతకము. పెట్రోలు యొద్ద నిప్పు ఉండరాదు. ఇంజను తిరుగుచుండగా ప్లగ్గు తీగలను వట్టి చేతులతో తాకరాదు. చక్రములకు అడ్డురాళ్లు పెట్టక జాకీ ఎత్తరాదు. జాకీ మాత్రమే ఆధారముగా నున్న బండి క్రిందికి దూరరాదు.

బండి బాగుగా నడచుచున్న రోజుననే ఈ కొలతలన్నిటిని ఒక పుస్తకములో తేదీతో వ్రాసియుంచుట మిక్కిలి ఉపయోగకరము. ఆనాటి గేజి అంకె, నాలుగు కంప్రెషను అంకెలు, పాయింట్ల సందు, లీటరునకు నడచిన దూరము - ఈ నాలుగు పంక్తులు చాలును. ఏడాది తరువాత బండి మందగించినట్లు తోచినపుడు వానితో పోల్చినచో, అది అనుమానమో నిజమో, నిజమైనచో ఏ వైపున వెదకవలెనో ఆ పుటయే చెప్పును.